ఇసుక మేడా, నూరు తలుపులా

"ఎక్కడికీ వెళ్లకండి. నేనూ ఎక్కడికీ వెళ్లను" అని మైకులో చెప్పి, పాట పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాడు లాంగ్‌ప్లే. అంత నిబ్బరంగా అబద్ధమాడగల మనిషి ఆ ఊళ్లో మరొకడు లేడు. ఎన్నికల్లో నిలబడ్డవాళ్లను కలుపుకున్నా సరే.

బ్యాటరీల దుకాణం మీద రెండో అంతస్తులో చిన్న రేడియో స్టేషన్. అందులో మధ్యాహ్నం ప్రోగ్రామ్ ఆయనది. ఆ గొంతుకి బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకునేవనీ, గుక్కపట్టి ఏడ్చే పిల్లలు మధ్యలో ఆపి "ఎవరది?" అని అడిగేవారనీ ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే. చదువు డిగ్రీ మధ్యలో ఆగింది. కాలేజీని తానే వదిలించుకున్నానని ఆయన అంటాడు. కాలేజీయే వీణ్ణి వదిలించుకుని ఊపిరి పీల్చుకుందని వాళ్లక్క అంటుంది.

లాంగ్‌ప్లే అన్న పేరు స్టేషన్‌లో వాళ్లు పెట్టారు. రోజూ ఆయన వేసే రెండు పాటల వల్ల వచ్చింది. రెండూ పాతకాలపు రాక్ పాటలు. ప్రోగ్రెసివ్ రాక్ అని దానికో పెద్ద పేరుంది గానీ, ఊళ్లో వాళ్లకు మాత్రం అవి మొదలైతే ముగియని పాటలు, అంతే. అసలు పేర్లు ఏవో ఉన్నాయి. ఆయన నోట పడి ఒకటి 'ఇసుక మేడ', రెండోది 'నూరు తలుపులు' అయ్యాయి. ఒకరోజు అది, మరుసటి రోజు ఇది. ఏళ్ల తరబడి. మంగలి షాపులో కత్తెర నూరు తలుపుల డ్రమ్ముకే ఆడేది. డాక్టరుగారి వరండాలోని చిలక 'ఎవరు' అనడం మానేసి ఇసుక మేడ ఫ్లూటు అందుకుంది. ఆ పాట వచ్చినప్పుడల్లా టైర్ల షాపాయన స్టేషన్‌కి ఫోన్ చేసి, "ఆ మేడ ఇంకా కూలలేదా?" అని అడిగి పెట్టేసేవాడు.

ఎవరైనా నిలదీస్తే లాంగ్‌ప్లే దగ్గర కథలు సిద్ధంగా ఉండేవి. నూరు తలుపులు వాయించేటప్పుడు డ్రమ్మరు కర్రలన్నీ విరిగిపోయి, చివరికి కుర్చీ కాళ్లు ఊడదీసి వాయించాడని చెప్పేవాడు. ఇసుక మేడలో ఫ్లూటు మధ్యలో ఆగకుండా ఉండేందుకు వాయిద్యగాడు నీళ్లతొట్టిలో మునిగి ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాడని చెప్పేవాడు. ఆ పాటలు కోరిన శ్రోతల పేర్లు కూడా ఆయనే పుట్టించేవాడు. అసలు సంగతి మాత్రం నోరు జారనిచ్చేవాడు కాదు.

అసలు సంగతి, వెనక వీధిలో టైలరమ్మ షాపు వెనక గదిలో మంచం మీద ఉంది. వాళ్లక్క. కండరాలు ఒక్కొక్కటిగా పని మానేసే జబ్బు ఆమెది. ముందు కాళ్లు మానేశాయి, తరవాత చేతులు. ఇప్పుడు గొంతు దాకా వచ్చింది. మధ్యాహ్నం నాలుగు మెతుకులు లోపలికి వెళ్లాక కఫం పైకి ఎగదన్నుతుంది. దగ్గి ఉమ్మే బలం లేదు. మంచం పక్కన ఒక యంత్రం ఉంది. దాని సన్నటి గొట్టాన్ని గొంతులోకి దించి, మీట నొక్కి, కఫం లాగెయ్యాలి. వేళకు లాగకపోతే పెదాలు నీలమవుతాయి. ఆయా అన్నం పెట్టి ఆస్పత్రి డ్యూటీకి వెళ్లిపోతుంది. టైలరమ్మ ఒకసారి ధైర్యం చేసి గొట్టం పట్టుకుంది. పట్టుకున్నదే తడవుగా కళ్లు తిరిగి పడిపోయింది. అక్క అటూ టైలరమ్మ ఇటూ, ఎవరికి ముందు నీళ్లు చల్లాలో తెలియక ఆ రోజు లాంగ్‌ప్లే మగ్గు పట్టుకుని గది మధ్యలో గిరగిర తిరిగాడు.

కాబట్టి పాటలో వెళ్లి, పాటలోనే రావాలి. మామూలు పాట పెడితే మెట్లు దిగేసరికే అయిపోతుంది. ఆ ఊళ్లో ఆ రెండు పాటలు అన్నేళ్లు మోగడానికి కారణం ఇదే. సంగీతాభిమానం కాదు.

దారి పొడవునా రేడియోలుండేవి కాబట్టి పాట ఆయన వెంటే నడిచేది. బ్యాటరీల దుకాణంలో మొదలై, మంగలి షాపులో అందుకుని, టైర్ల షాపులో ముదిరి, టైలరమ్మ మిషను పక్కన మళ్లీ పలికేది. చేతికి గడియారం అక్కర్లేదు. పాట ఎక్కడుందో చెవికి తెలుసు, తానెక్కడుండాలో కాళ్లకు తెలుసు.

స్టేషన్‌కి కొత్త మేనేజరమ్మ వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. సీడీలన్నీ అటకెక్కించి పాటలు కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. ఒకరోజు లాంగ్‌ప్లేని గదిలోకి పిలిచింది.

"కూర్చోండి. ఒక్కటే అడుగుతాను, కథలు లేకుండా చెప్పండి. ఈ రెండు పాటలే ఎందుకు?"

"శ్రోతలు కోరుతున్నారు మేడమ్."

"ఏ శ్రోతలు? నిన్న కోరినవాళ్లు కొండకింద బాబాయి, ఆయన తోడల్లుళ్లు. ఈ ఊళ్లో కొండెక్కడుంది?"

"వాళ్లు కాస్త దూరం నుంచి..."

"మన స్టేషన్ రైలు గేటు దాటితే వినపడదు."

లాంగ్‌ప్లే తల దించుకుని గోళ్లు చూసుకున్నాడు. మేనేజరమ్మ నవ్వు ఆపుకుంది. "మీ గొంతంటే నాకూ ఇష్టమే. చిన్నప్పుడు మీ ప్రోగ్రామ్ వింటూనే లెక్కలు చేసుకునేదాన్ని. కానీ ఈ పాటలు వస్తే జనం రేడియో కట్టేస్తున్నారు. అందుకని, ఒకటి ఉంచుదాం, ఒకటి తీసేద్దాం. ఏది ఉంచాలో రేపు మీరే చెప్పండి."

ఒకే పాట రోజూ వేస్తే ఊరు ఎన్నాళ్లు ఊరుకుంటుంది? ఇవాళ ఒకటి పోతే, రేపు రెండోదీ పోతుంది. ఆ క్షణంలో, ఏళ్ల తరవాత, ఆయన నోట నిజం వచ్చింది.

"మేడమ్, మా అక్క మంచంలో ఉంది. మధ్యాహ్నం పూట నేను వెళ్లి గొంతులో కఫం తియ్యాలి. తియ్యకపోతే ఊపిరాడదు. ఆ పాటల్లోనే వెళ్లి వస్తుంటాను."

మేనేజరమ్మ తల అడ్డంగా ఊపింది. "పోయినేడు మీ పెదనాన్నగారు గోడగడియారం మీద పడి పోయారని చెప్పి సెలవు తీసుకున్నారట. ఆయనే మొన్న మీకోసం ఇక్కడికి వచ్చారు. టీ ఇచ్చి పంపించాను."

"అది వేరు మేడమ్. ఇది..."

"అక్కగారు వద్దు. పాట చెప్పండి చాలు."

అన్నేళ్లు చెప్పిన కోతలన్నీ వచ్చి ఆ ఒక్క నిజం మీద కూర్చున్నాయి. దాన్ని కిందనుంచి లాగడం ఆయన వల్ల కాలేదు.

సాయంత్రం మంచం పక్కన కూర్చుని అక్కకు సంగతి చెప్పాడు. అక్క మాట సన్నగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది. వెటకారం మాత్రం ఎక్కడా తెగదు.

"ఇసుక మేడ పొడుగక్కా. గొట్టం తీశాక నిన్ను పక్కకు తిప్పి, దిండు సర్ది, తడిగుడ్డతో మూతి తుడిచి కూడా వెళ్లొచ్చు. కానీ మొదట్లో ఫ్లూటు మరీ మెత్తన. రోడ్డు మీద లారీ వస్తే పాట ఎక్కడుందో తెలియదు. పైగా చివర టక్కున ఆగిపోతుంది. అప్పటికి కుర్చీలో లేకపోతే అంతే సంగతులు."

"రెండోది?"

"నూరు తలుపులు కాస్త పొట్టి. కానీ డ్రమ్ము వీధి చివరికీ వినపడుతుంది. చివర ఆర్గన్ మెల్లగా తగ్గుతూ, తగ్గుతూ పోతుంది. ఆలస్యమైనా పరవాలేదు, పాట ఇంకా ఉందనుకుంటారు. తోక పొడుగు దానికి."

"నువ్వు పాటల గురించి చెప్తున్నావా, బస్సుల గురించా?"

"ఏది ఎక్కితే నీ దగ్గరికి చేరతానో అది చెప్తున్నా."

"ఏది బాగుంటుందిరా, అది చెప్పు."

లాంగ్‌ప్లే గుర్తు తెచ్చుకోబోయాడు. ఇసుక మేడ నడుమ ఏముంది? నూరు తలుపుల్లో డ్రమ్ము ఆగాక ఏం వస్తుంది? ఆ సమయానికి ఆయన ఎప్పుడూ ఈ గదిలో, యంత్రం చప్పుడులో ఉంటాడు. ఊరంతా విని విని విసిగిపోయిన పాటల్ని ఊళ్లో ఆయనొక్కడే వినలేదు. అక్క మొదటి జీతంతో టేప్‌రికార్డరు కొని, ఈ రెండు పాటలున్న క్యాసెట్ తెచ్చిన రోజున ఇద్దరూ నేల మీద పడుకుని విన్నారు. అప్పుడు విన్నదే. అదీ మరిచిపోయాడు.

"ఇసుక మేడ ఉంచు" అంది అక్క.

"చివర టక్కున ఆగుతుందే."

"అదే మేలు. పోయేటప్పుడు పోతుంది. ఆ రెండోది చూడు. పోతున్నా, పోతున్నా అంటుంది, పోదు. నాలాగా."

"అక్కా."

"నా పాట నాకెందుకు నచ్చుతుందిరా. నీకు నచ్చుతుంది గానీ."

ఆయన లేచి వెళ్లి ఖాళీగా ఉన్న మగ్గును కడిగాడు. కడిగినదాన్నే మళ్లీ కడిగాడు. నూరు తలుపులే ఉంచుదామని అప్పటిదాకా మనసులో అనుకున్నాడు. కానీ అక్క ఒకటి అడగడమే అపురూపం. అడిగింది, ఇచ్చెయ్యాలి.

మరునాడు పొద్దున మేనేజరమ్మకు ఇసుక మేడ అని చెప్పాడు. మధ్యాహ్నం ఆయన మైకు ముందు కూర్చునేసరికి ఆవిడ తలుపు సందులోంచి తొంగిచూసింది.

"మీ ఇసుక మేడ ఎక్కించాను. జనానికి విసుగు రాకుండా కాస్త చక్కబెట్టించాను కూడా."

అంతకుముందు వార్తలు చదివేవాడు సాగదీసి సాగదీసి ఆలస్యం చేశాడు. పొద్దున్నుంచీ అక్క ఛాతీలో గురగుర వినపడుతూనే ఉంది. లాంగ్‌ప్లే మనసు అప్పటికే సగం మెట్లు దిగింది. 'ఎక్కించాను' అన్నది చెవిలో పడింది. 'చక్కబెట్టించాను' అన్నది గాలికి పోయింది. పాట పొడుగు ఎంతో తెర మీద ఎర్రంకెల్లో కనపడుతూనే ఉంది. ఆయన దానివంక చూడలేదు. ఎందుకు చూస్తాడు? ఆ పొడుగు కాళ్లకు తెలుసు. పాట తరవాత శ్రోతల ఫోన్లు తీసుకోవాలి కాబట్టి, కంప్యూటర్ తనంతట తాను మరో పాట వెయ్యకుండా ఆపి ఉంచాడు.

"ఎక్కడికీ వెళ్లకండి. నేనూ ఎక్కడికీ వెళ్లను."

బ్యాటరీల దుకాణంలో ఫ్లూటు మొదలైంది. మంగలి షాపు దాటేటప్పుడూ ఫ్లూటే. మంగలి కత్తెర ఆపి, "వచ్చింది నాయనా మేడ" అన్నాడు, గడ్డం కింద సబ్బున్న మనిషి నిట్టూర్చాడు. అంతా మామూలే. టైర్ల షాపు ముందుకొచ్చేసరికి లాంగ్‌ప్లే కాలు ఆగిపోయింది.

ఫ్లూటు వెనకే, పాట చివర్లో రావాల్సిన డ్రమ్ములు వినపడుతున్నాయి.

నడుమ ఉన్నదంతా పోయింది. తిప్పడం, దిండు సర్దడం, మూతి తుడవడం అన్నీ పోయాయి. మేడకు పునాది, పైకప్పు మిగిల్చి గోడలు తీసేశారు. 'చక్కబెట్టించాను' అన్న మాట అప్పుడు, ఆ నడిరోడ్డు మీద, ఆయన చెవిలోకి వచ్చింది.

వెనక్కి పరిగెడితే ఉద్యోగం దక్కుతుంది. ఊపిరి అందక రెండు మాటలు అటూ ఇటూ అయినా, ఏదో కథ చెప్పి సర్దుకోవచ్చు. కథలకేం కొదవ? ముందుకెళ్తే స్టేషన్ మూగబోతుంది. రేడియోవాడికి మూగబోవడాన్ని మించిన నేరం లేదు. తప్పు చదివినా క్షమిస్తారు, తిట్టినా క్షమిస్తారు, మౌనాన్ని క్షమించరు. చేతిలో చెప్పులతో ఆయన అక్కడే, ఎండలో, ఇటొక అడుగు అటొక అడుగు వేశాడు. టైర్ల షాపాయన గాలిపంపు పట్టుకుని వింతగా చూశాడు.

లాంగ్‌ప్లే చెప్పులు అక్కడే పడేసి ముందుకు పరిగెత్తాడు.

టైలరమ్మ షాపు గడప దగ్గర పాట టక్కున ఆగిపోయింది. వీధి మొత్తం మీద, షాపు వెనక షాపు, రేడియోలన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. తమ నెత్తి మీద పంకాలు ఇంత చప్పుడు చేస్తాయని ఊరివాళ్లకు ఆ రోజే తెలిసిందంటారు. పెద్ద బజార్లో తూకమేసేవాడి త్రాసు పైకీ కిందకీ ఊగి, ఎటు మొగ్గాలో తెలియక నిలబడిపోయిందని కూడా అంటారు.

అక్క పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్లు పైకప్పును చూస్తున్నాయి, అయితే పైకప్పును చూస్తున్నట్టు లేవు. మీట నొక్కాడు. యంత్రం పలకలేదు. ప్లగ్గు వదులై ఉంది. బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో గొట్టం దించాడు. "అక్కా, అక్కా, ఒక్క నిమిషం, ఒక్కటే" అంటూ లాగాడు. ఏమీ రాలేదు. మళ్లీ దించాడు. ఈసారి గురగురమని చిక్కగా, కదలనని మొండికేసి, చివరికి కదిలింది. సగం గొట్టంలోకి, సగం ఆయన చొక్కా మీదికి వచ్చింది. అక్క ఛాతీ ఒక్కసారి లేచింది. ఆగింది. మళ్లీ లేచింది.

కాసేపటికి ఆమె కళ్లు గదిలోకి తిరిగొచ్చాయి. మంచం పక్కన రేడియో ఉత్త గాలి చప్పుడు చేస్తోంది.

"పాట... ఆగింది" అంది.

"అవును."

"పో మరి."

"పోతాలే."

"పోరా. ఉద్యోగం..."

ఆయన పోలేదు. పెదాలకు రంగు వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. తరవాత, తొందరేమీ లేనట్టు, ఆమెను పక్కకు తిప్పి, దిండు సర్ది, తడిగుడ్డతో మూతి తుడిచాడు.

తిరిగి వెళ్తుంటే టైర్ల షాపాయన రేడియోని బల్ల మీద విప్పదీసి కూర్చున్నాడు. "ఏమైందన్నా? నీ పాట ఆగేసరికి మా రేడియోనే పోయిందనుకుని నట్లన్నీ ఊడదీశా. ఇదిగో నీ చెప్పులు" అన్నాడు.

స్టేషన్‌లో మేనేజరమ్మ ఆయన కుర్చీలో కూర్చుని, ఏం చెయ్యాలో తోచక బ్యాటరీల ప్రకటన మళ్లీ మళ్లీ వేస్తోంది. ఆయన్ని చూసి తిట్టడానికి నోరు తెరిచింది. చొక్కా చూసింది. నోరు మూసుకుంది.

"నిజంగానే అక్కగారా?"

"అవును మేడమ్."

"ముందే చెప్పాల్సింది కదండీ."

"చెప్పాను మేడమ్."

ఆవిడ ప్రకటనను ఇంకోసారి వేసింది. "ఓనరుగారు ఫోన్ చేశారు" అంది. "నేను చెప్పి చూశాను. వినలేదు. మీ మాటలన్నీ ఎప్పటివో రికార్డు చేసి ఉన్నాయట కదా, వాటినే పాటల మధ్యలో పెట్టి నడిపించమన్నారు. రేపట్నుంచి మీరు... రానక్కర్లేదు."

ఆయన తలూపాడు. కథ ఏదీ చెప్పలేదు. ఆ స్టేషన్‌లో అందరికీ భయం వేసింది దానికేనట.

జీతం ఆగిన ఇంటికి ఆయా రావడం మానేసింది. లాంగ్‌ప్లే బస్టాండులో అనౌన్సరు పని అడిగాడు. పూటంతా కూర్చోవాలన్నారు. టెలిఫోను ఆఫీసులో గొంతు విని ముచ్చటపడ్డారు, కానీ మధ్యలో లేవకూడదన్నారు. ఎక్కడా పాట అంత సందు లేదు. అక్కను వదిలితే అక్క పోతుంది, వదలకపోతే అద్దెకున్న గది పోతుంది. ఈ లెక్కను ఎటునుంచి మొదలుపెట్టినా చివరికి ఒకే చోటికి వచ్చేది. యంత్రం ప్లగ్గును దారంతో కట్టాడు. టైలరమ్మే ఇచ్చింది ఆ దారం.

ఒక మధ్యాహ్నం అక్క రేడియో పెట్టమంది. పెట్టాడు. లోపలినుంచి ఆయన గొంతే, ఎన్నడో ఉద్యోగం ఉన్న రోజుల్లోది, నిండుగా పలికింది.

"ఎక్కడికీ వెళ్లకండి. నేనూ ఎక్కడికీ వెళ్లను."

"తలుపు తియ్యి" అంది అక్క. "వాడు బయల్దేరి ఉంటాడు."

లాంగ్‌ప్లే నవ్వబోయాడు. సగంలో ఎక్కడో అది వేరేదయింది. తలుపు వంక చూడకుండా ఉండలేకపోయాడు కూడా.

ఇసుక మేడను స్టేషన్‌వాళ్లు తీసేశారు. మోగింది నూరు తలుపులు, ఆ పాత రికార్డులో ఉన్నట్టే, మొత్తంగా. డ్రమ్ము దడదడలాడి ఆగింది. ఆ తరవాతిదే ఆయన ఎప్పుడూ విననిది. ముందుకు వంగి చెవి పెట్టాడు. ఎవరో మెల్లగా ఒక్క తీగను మీటారు. అప్పుడే అక్క గొంతులో గురగుర మొదలైంది. ఆయన మీట నొక్కాడు. యంత్రం గదినంతా నింపేసింది. నడుమంతా ఆ చప్పుడులోనే కొట్టుకుపోయింది.

యంత్రం ఆపేసరికి ఆర్గన్ తగ్గుతోంది. తగ్గుతూ, తగ్గుతూ, పంకా చప్పుడులో కలిసింది. అక్క ఊపిరీ అలాగే, సన్నగా, ఉందో లేదో అన్నట్టుంది. ఆయన మొదట రేడియో మీద చెవి ఆనించాడు. తరవాత అక్క ఛాతీ మీద. ఊపిరి ఉంది. రేడియోలో ఏమీ లేదు.

"అయిపోయిందా?" అంది అక్క, కళ్లు తెరవకుండానే.

"లేదక్కా. ఇంకా ఉంది" అన్నాడు లాంగ్‌ప్లే.